వెనుకకాలి కుంటు: మడమకీలు నొప్పిని గుర్తించు విధము

సేద్యగాని సొత్తులో నడచెడు సొత్తు పశువు. అది నాలుగు కాళ్లమీద సరిగా నిలిచినంతకాలము దాని విలువ మనకు తెలియదు. ఒక కాలు నేల మోపలేని నాడు మాత్రము, దున్నవలసిన చేను, తోలవలసిన యెరువు, తీర్పవలసిన అప్పు ఒక్కసారిగా కండ్లయెదుట నిలుచును. కావున ఈ సంచికలో వెనుకకాలి కుంటును గూర్చి, ముఖ్యముగా మడమకీలు నొప్పిని గుర్తించు విధమును గూర్చి, మాకు తెలిసినంతవరకు వ్రాయుచున్నాము.

మన నిజామాబాదు జిల్లాకు ఈ విషయము క్రొత్తది కాదు. మంజీరానదిపై నిజాంసాగరము 1931లో పూర్తియైనది. బోధనులో నిజాం చక్కెర కర్మాగారము 1937లో స్థాపింపబడినది. ఆ పిదప కొన్ని దశాబ్దములు చెఱకుబండ్ల బరువంతయు ఎడ్ల వెనుకకాళ్లమీదనే నడచినది. పట్టణములలో టాంగాల బరువు గుఱ్ఱముల వెనుకకాళ్లమీద నడచినది. ఆ కర్మాగారము 2015లో మూతపడినది. టాంగాలు మాయమైనవి. ట్రాక్టరు వచ్చినది. అయినను మోర్తాడ్ చుట్టుపట్ల పసుపుచేలలోను మొక్కజొన్నచేలలోను అంతరకృషికి, ఎరువు తోలుటకు జోడెడ్లను విడువనివారు నేటికిని గలరు. పెండ్లి ఊరేగింపులకు గుఱ్ఱములను పెంచి బ్రదుకువారును గలరు. ఈ యిరువురకును పశువు కాలే జీవనాధారము.

మొదట మా తప్పును మేమే చెప్పుకొందుము. కొన్నేండ్ల క్రిందట మా కొట్టములోని యెద్దొకటి కుడి వెనుకకాలు ఈడ్వసాగినది. మడమకీలు వద్ద కొంచెము వాపు కనబడినది. నొప్పి అచ్చటనే యని నిశ్చయించి, ఊరివారి మాట విని, కీలుపై రెండుమారులు వాతలు వేయించితిమి. నెలదినములు గడచినను కుంటు తగ్గలేదు. తుదకు పశువైద్యుడు వచ్చి, కీలును చూడకమునుపే గిట్టను ఎత్తించి కడిగించి చూచెను. వెలుపలి గిట్ట అడుగున నల్లని చుక్క కనబడినది. అచ్చట చెక్కగా చీము, దానితోగూడ విఱిగిన తుమ్మముల్లు బయటపడినవి. పదిదినములలో ఎద్దు బండి కట్టినది. ముల్లు పోయినది గాని వాతల మచ్చలు మాత్రము అది చచ్చువఱకు నిలిచినవి. ఆ మచ్చలు చూచినప్పుడెల్ల మాకు కలిగిన సిగ్గే ఈ పాఠమునకు మూలము.

కుంటు కనబడినచోట నొప్పి ఉండవలెనను నియమము లేదు. ఇది మొదటి సూత్రము. పరీక్షను ఎల్లప్పుడును గిట్టనుండి మొదలిడి పైకి పోవలెను. ఇది రెండవ సూత్రము. తక్కినదంతయు ఈ రెంటికి వివరణమే.

మడమకీలు అననేమి?

వెనుకకాలి నడుమ వెనుకకు పొడుచుకొని వచ్చినట్లు కనబడు కీలును మనవారు కొందఱు వెనుక మోకాలు అందురు. నిజమునకు అది మోకాలు కాదు. మనుష్యుని చీలమండయు మడమయు ఏవియో, పశువునకు అవి ఆ కీలు. పశువు తన వ్రేళ్ల కొనలమీద నిలుచును గనుక మడమ అంత ఎత్తున నున్నది. నిజమైన మోకాలు అంతకంటె పైన, డొక్క క్రింద, తొడ ముందుభాగమున చిప్పతోగూడి యుండును. ఈ రెండు పేర్లను కలిపివేయుటచేతనే సగము పొరపాట్లు కలుగుచున్నవి.

మడమకీలు ఒకే కీలు కాదు. చిన్న యెముకలు వరుసలుగా పేర్చబడి, అనేక సంధులై యున్నవి. గుఱ్ఱమునకు మీది సంధిలోనే కదలిక యంతయు నున్నదని చెప్పవచ్చును. క్రింది సంధులు దాదాపు కదలక, అదటును మాత్రము తట్టుకొనును. బరువు లాగునప్పుడు, ఎత్తు ఎక్కునప్పుడు, హఠాత్తుగా తిరుగునప్పుడు శరీరమును ముందుకు త్రోయు బలమంతయు ఈ కీలుద్వారా పోవును.

ఇంకొక విశేషము గలదు. గుఱ్ఱమునకును ఎద్దునకును మోకాలు, మడమకీలు జంటగా కట్టబడినవి. ముందువైపున ఒక స్నాయువు, వెనుకవైపున మఱియొకటి ఈ రెండు కీళ్లను కలిపి పట్టును. ఒకటి ముడుచుకొన్న రెండవది ముడుచుకొనును. ఒకటి చాచిన రెండవది చాచును. అందుచేత మోకాలిలో నొప్పి యున్నను మడమకీలు సరిగా ముడువదు. చూచువాడు మడమనే అనుమానించును. కన్ను మోసపోవుటకు ఇదియే కారణము.

పరీక్షించు వరుస

మొదట ప్రశ్నింపవలెను. కుంటు ఎన్నడు మొదలైనది? ఒక్కసారిగా వచ్చినదా, మెల్లమెల్లగా వచ్చినదా? ఉదయమున ఎక్కువయై నడచినకొలది తగ్గునా, లేక నడచినకొలది పెరుగునా? మడమకీలు ఎముకలలో పాతబడిన నొప్పి తఱచుగా మొదటి అడుగులలో ఎక్కువగానుండి, శరీరము వేడెక్కినకొలది సడలును. గిట్టలోని ముల్లు, చీము, తగిలిన మేకు అట్లు గావు. అవి నడిచినకొలది బాధించును. లాడములు ఎన్నడు కొట్టించిరో కూడ అడుగవలెను. క్రొత్త లాడము పిమ్మట రెండు మూడు దినములలో వచ్చిన కుంటుకు మేకునే మొదట అనుమానింపవలెను.

రెండవది, నిలిపి చూడవలెను. చదునైన నేలమీద పశువును నిలిపి, వెనుకనుండి రెండు పిరుదులను పోల్చి చూడుడు. చాలకాలము వాడని కాలిపైన కండ తగ్గి పిరుదు పలుచబడును. గిట్ట ముందుకొన అరిగియున్నచో ఆ కాలు ఈడ్వబడుచున్నదని తెలిసికొనవచ్చును.

మూడవది, నడిపించి చూడవలెను. ఒకరు పగ్గము వదులుగా పట్టి తిన్నగా నడిపింపవలెను, మఱియొకరు వెనుకనుండి చూడవలెను. గుఱ్ఱమును మెల్లని పరుగున కూడ చూడవలెను. నడకలో తుంటియెముకలు రెండును సమానముగా లేచి దిగవలెను. కుంటువైపు తుంటి తక్కినదానికంటె ఎక్కువగా ఎగసిపడును. ముందుకాలి కుంటైనచో గుర్తు తలలో నుండును. నొప్పికాలు నేల మోపునప్పుడు తల పైకెత్తును, మంచికాలు మోపునప్పుడు వంచును. పిమ్మట గట్టిబాటమీదను, దున్నిన మెత్తని నేలమీదను నడిపించి పోల్చుడు. గట్టినేలమీద ఎక్కువ కుంటినచో తఱచు గిట్టయే కారణము. మెత్తని నేలలో కాలెత్తుటకు శ్రమపడినచో పైకీళ్లను అనుమానింపవచ్చును.

నాలుగవది, గిట్ట. కాలు ఎత్తి, నీటితో కడిగి, అడుగుభాగమంతయు పరీక్షింపవలెను. పాడిపశువులలో కుంటులు పదింట ఎనిమిది తొమ్మిది గిట్టలోనే పుట్టుననియు, అందులో వెనుకకాలి వెలుపలి గిట్టయే ఎక్కువగా చెడుననియు పశువైద్యులు చెప్పుదురు. రెండు గిట్టల నడుమ కుళ్లు, పుండు ఉన్నదేమో చూడవలెను. చిన్నసుత్తితో తట్టి, పట్టుకారుతో మెల్లగా నొక్కినప్పుడు ఏచోట కాలు లాగికొనునో అచ్చట గుర్తు పెట్టవలెను. నాలుగు గిట్టలు నొక్కి చూచినగాని ఒక గిట్ట నొప్పి నిజమో కాదో తేలదు.

గిట్ట నిర్దోషియని తేలిన పిమ్మటనే ఐదవదియగు మడమకీలునకు రావలెను. పశువైద్యులును ఈ క్రమమునే పాటింతురు. గుఱ్ఱమునకు నొప్పి యెచ్చట నున్నదో తెలియనప్పుడు, వారు క్రిందిభాగమునుండి మొదలిడి ఒక్కొక్క భాగమునకు మత్తుమందు వేసి నడిపించి చూతురు. ఏ భాగము మొద్దుబారగానే కుంటు మాయమగునో నొప్పి అచ్చట నున్నది. అటుపిమ్మటనే ఎక్స్‌రే తీయుదురు.

పరీక్షించువారు తమ్ము తాము కాపాడుకొనవలెను. గుఱ్ఱము వెనుకకు తన్నును. ఎద్దు ప్రక్కకు విసరి తన్నును. పశువును కట్టి, మాటలాడుచు, భుజమునుండి చేయి తీయక క్రమముగా కాలివద్దకు రావలెను.

వాపు ఉన్న చోటును బట్టి భేదములు

మడమకీలుపై చేయివేసి, వేడిని, మెత్తదనమును, నొప్పిని రెండవ కాలితో పోల్చవలెను. ఒక కాలు చూచి చెప్పిన తీర్పు తీర్పు కాదు.

కీలు ముందు లోపలివైపున మెత్తని ఉబ్బు, వెనుక గుంటలలో రెండువైపుల చిన్న ఉబ్బులు ఉండి, ఒకదానిని నొక్కిన మఱియొకటి నిండినచో కీలులో నీరు చేరినది. వేడి, నొప్పి, కుంటు లేనిచో అది తఱచు కాలి పోకడనుబట్టి వచ్చిన లోపము. నిట్టనిలువు మడమలుగల పడుచుగుఱ్ఱములలో ఇది కనబడును. వేడియు నొప్పియు గలిగినచో బెణుకుగాని, కీలులో చీముగాని యుండవచ్చును. ఆలస్యము కూడదు.

కీలునకు పైన, వెనుకనున్న పెద్ద స్నాయువునకు ముందు, ఇటునుండి అటు పోవు మెత్తని ఉబ్బు కనబడినచో అది కీలులోని నీరు కాదు. స్నాయువును చుట్టిన తొడుగులోని నీరు.

మడమ కొనపై గుండ్రని ఉబ్బు తఱచు గోడను తన్నుటచేతను, గట్టినేలపై పండుటచేతను కలుగును. ఎడ్లకు రాతిపఱపు కొట్టములలో కీలు వెలుపలివైపున ఇట్టి ఉబ్బే వచ్చును. చూచుటకు వికారమేగాని సాధారణముగా కుంటు తేదు. దీనిని కోసి నీరు తీయుట మిక్కిలి ప్రమాదము. నీరున్న సంచి చీముసంచి యగును. గడ్డి మందముగా పఱచుటయే మొదటి మందు.

మడమ కొననుండి క్రిందికి, ప్రక్కనుండి చూచినప్పుడు, వెనుకగీత తిన్నగా నుండవలెను. ఒక తిన్నని బద్దను ఆనించి చూడుడు. నాలుగువ్రేళ్ల క్రింద గీత వెలుపలికి వంగి ఉబ్బినచో అచ్చటి బంధనము బెణికినది. అధికభారము, జారుట, హఠాత్తుగా నిలుపుట దీనికి కారణములు.

కీలు లోపలివైపున, క్రిందిభాగమున, ఎముకవలె గట్టియైన ఉబ్బు గుఱ్ఱములలో ముఖ్యమైన వ్యాధికి గుర్తు. క్రింది చిన్నసంధులు అరిగి, క్రొత్త యెముక పుట్టి, తుదకు అవి అతుకుకొనిపోవును. దీనిని పరీక్షించుటకు కాలెత్తి కీలును ఒకటి ఒకటిన్నర నిమిషము ముడిచి పట్టి, విడిచినవెంటనే పరుగెత్తింతురు. మొదటి అడుగులలో కుంటు స్పష్టముగా హెచ్చినచో అనుమానము బలపడును. కాని పైన చెప్పినట్లు మడమ ముడిచిన మోకాలును ముడుచును. కావున ఈ పరీక్ష ఒక్కటే చాలదు. విఱుగుడు అనుమానమున్నచోట, గాయమున్నచోట ఈ పరీక్ష చేయనేరాదు.

మడమవలె కనబడు ఇతర బాధలు

ఎడ్లలోను గేదెలలోను తఱచు కనబడునది మోకాలిచిప్ప పట్టుకొనుట. పశువు కొట్టమునుండి బయలుదేరగానే వెనుకకాలు కఱ్ఱవలె వెనుకకు చాచుకొనిపోయి, గిట్టకొన నేలను గీయును. పిమ్మట ఒక్క కుదుపుతో కాలు ముడుచుకొని ముందుకు వచ్చును. చూచువాడు మడమ పట్టినదనుకొనును. వాతలు మడమపై పడును. తప్పు మోకాలిలో నున్నది. చిప్ప తన త్రోవ తప్పి ఎముకమీటపై చిక్కుకొనుచున్నది. ఎద్దునకు, గేదెకు పశువైద్యుడు ఆ స్థలమును మొద్దుబార్చి, లోపలివైపు సన్నని బంధనమును కోయును. కొలది నిమిషముల పని. తఱచు పశువు అప్పుడే సరిగా నడచును. గుఱ్ఱమునకు మాత్రము మొదట మేతతోను వ్యాయామముతోను తొడకండను పెంచి చూచి, అవసరమైనప్పుడే శస్త్రము పట్టుదురు.

కాలు బండిచక్రములోగాని కంచెలోగాని చిక్కి బలముగా లాగుకొన్నప్పుడు, జంటకీళ్లను కట్టిన ముందు స్నాయువు తెగవచ్చును. అప్పుడు మోకాలు ముడిచియుండగనే మడమను వెనుకకు చాపవచ్చును. వెనుకనున్న పెద్ద స్నాయువు వదులై ముడుతలు పడును. మంచికాలితో ఇట్లు చేయ సాధ్యము కాదు. గుర్తు ఇదియే. భయంకరముగా కనబడినను, రెండు మూడు నెలల పూర్తి విశ్రాంతితో ఇది చాలవఱకు అతుకుకొనును.

కొన్ని కుంటులు కీలువి కావు, రోగమువి. వానకాలమున, పుష్టిగానున్న పడుచుపశువు హఠాత్తుగా కుంటి, తీవ్రజ్వరముతో తొడగాని జబ్బగాని ఉబ్బి, నొక్కిన చిటపటయను శబ్దము వచ్చినచో అది జబ్బవాపు. ఒకటి రెండు దినములలో ప్రాణము తీయును. కీలుకు కట్టు కట్టుచు కూర్చుండరాదు. నోట చొంగ, నాలుకపై పొక్కులు, గిట్టలనడుమ పుండ్లు కలిసి కనబడినచో గాలికుంటు. ఆ పశువును వెంటనే వేఱుచేయవలెను. నేడొక కాలు, రేపొక కాలు కుంటుచు జ్వరమున్నచో మూడురోజుల జ్వరమును తలచవలెను. అందుచేత కుంటు పశువునకు జ్వరము కొలుచుట తప్పనిసరి. ఆరోగ్యమున గుఱ్ఱమునకు సుమారు 100 నుండి 101, ఎద్దునకు 101 నుండి 102 డిగ్రీల ఫారన్‌హీటు వేడి యుండును.

గాయము: గంటలలోని పని

మడమకీలుపై చర్మము మిక్కిలి పలుచన. కొడవలి, ముండ్లతీగ, నాగలికఱ్ఱు తగిలి గాయమైనప్పుడు, అది ఎంత చిన్నదైనను, అందుండి పసుపువన్నెగల జిగటనీరు తీగవలె సాగి కారుచున్నచో కీలు తెరచుకొన్నదని తెలియవలెను. ఇక ఆలోచన వలదు. క్రిములు లోపల నాటుకొనకముందే, అనగా ఆ దినముననే, వైద్యుడు కీలును కడుగవలెను. మఱునాటికి పశువు కాలు మోపజాలక పోవచ్చును, వారమునకు కీలు చెడిపోవచ్చును. శుభ్రమైన బట్టతో కప్పి కట్టి వైద్యుని పిలువుడు. గాయములో పుల్లతో కెలుకుట, సున్నము, బూడిద, పేడ పెట్టుట పశువును చేతులార చెఱచుటయే.

చేయదగినవి, చేయరానివి

బెణుకైనచో మొదటి మందు విశ్రాంతి. మొదటి రెండు దినములు పూటకు ఇరువది నిమిషములు చల్లనినీరు పోయవలెను. వేడి తగ్గిన పిమ్మట గోరువెచ్చని కాపడము పెట్టవచ్చును. వేడిగానున్న కీలును రుద్దరాదు. కుంటు పూర్తిగా తగ్గిన పిమ్మటగూడ వారము పదిదినములు కాడి కట్టరాదు.

వాతలు వేయుట మానవలెను. కాల్చిన చర్మపు బాధ పాత బాధను కొంతకాలము మఱపించునేగాని మాన్పదు. గుఱ్ఱముల స్నాయువులను కాల్చుటవలన ప్రయోజనము లేదని ఇంగ్లండులోని బ్రిస్టలునందు జరిగిన పరిశోధన 1983లో ప్రకటింపబడినది. అశ్వవైద్యము మన దేశమున శాలిహోత్రుని పేర ప్రాచీనకాలమునుండి యున్నది. తెలుగున మనుమంచి భట్టు గుఱ్ఱముల లక్షణములనుగూర్చి పద్యకావ్యమునే రచించెను. పరిశీలించి చూచుట మన పెద్దలకు తెలిసిన విద్యయే. చూడక కాల్చుట మనము నేర్చుకొన్న తొందరపాటు.

నొప్పిమందులను స్వయముగా కొని వేయరాదు. పరీక్షకు ముందు నొప్పి అణచిన నొప్పి చోటు తెలియదు, పశువు చెడిన కాలిపై బరువు మోపి ఇంకను చెఱచుకొనును. పైగా పశువులకు డైక్లోఫినాక్ వాడకము 2006లోను, కీటోప్రొఫెన్, ఏసెక్లోఫినాక్ వాడకము 2023లోను భారతప్రభుత్వము నిషేధించినది. ఆ మందు పడిన పశువు చచ్చిన, దాని కళేబరము తిన్న రాబందులు మూత్రపిండములు చెడి చచ్చుచున్నవని తేలినందుననే ఈ నిషేధము. మెలాక్సికామ్ రాబందులకు హాని చేయదు గాని, అదియు వైద్యుడు చెప్పినప్పుడే.

కొనునప్పుడు జాగ్రత్త

బోధనుకు పొరుగుననున్న నాందేడ్ జిల్లాలో మాలేగావు ఖండోబా జాతర పశువులకును గుఱ్ఱములకును ప్రసిద్ధము. లాల్ కంధారీ, దేవణి ఎడ్లు మనకు ఆ దిక్కుననే పుట్టినవి. జాతరలో పండ్లు చూచి, కొమ్ములు చూచి, సుడులు చూచి బేరమాడుదురు. కాళ్లు చూచువారు తక్కువ. పశువును కట్టినచోటనే చూడక, విప్పించి నడిపింపుడు. ఇఱుకుగా రెండువైపులకు త్రిప్పింపుడు. వెనుకకు నెట్టింపుడు. ముందునుండి, వెనుకనుండి రెండు మడమలను పోల్చుడు. చల్లబడి పడుకొన్న పశువు లేచిన మొదటి పది యడుగులు చూడుడు. అమ్మువాడు మీరు రాకమునుపే చాలదూరము నడిపించి తెచ్చియుండిన, పాతకుంటు ఆ యడుగులలోనే బయటపడును. కీలుపై వాతమచ్చ యున్న పశువునకు ఒకప్పుడు కుంటు ఉండెనని దాని చర్మమే సాక్ష్యమిచ్చును.

సంఘముల కర్తవ్యము

ఒక్కొక్క రైతు చేయజాలని పని సంఘము చేయగలదు. ఊరికొక గట్టి కొయ్యబోను, ఒక జ్వరమాపని, గిట్టలు చెక్కు కత్తి, నొక్కిచూచు పట్టుకారు, శుభ్రమైన కట్టుబట్ట సంఘము కొట్టిడిలో నుంచుకొన్నచో ఖర్చు స్వల్పము, ఉపయోగము అధికము. పెద్ద పరీక్షలకును శస్త్రములకును కోరుట్లలోను హైదరాబాదు రాజేంద్రనగరులోను పశువైద్య కళాశాలలు గలవు. పశువును కదల్పరానప్పుడు సంచార పశువైద్యశాలను 1962 అను సంఖ్యకు పిలుచు ఏర్పాటు తెలంగాణములో 2017లో ప్రారంభమైనది.

వైద్యునికి కబురు పంపుటకు ముందు ఈ యైదు మాటలు కాగితముపై వ్రాసియుంచుడు: ఏ కాలు, ఎన్నడు మొదలు, నడిచిన పెరుగునా తరుగునా, గిట్ట చూచితిమా, జ్వరమెంత. ఈ యైదింటికి జవాబు సిద్ధముగా నున్నచో వైద్యుని సగము కాలము మిగులును, పశువు సగము బాధ తప్పును.

పశువు తన నొప్పి యెచ్చటనో నోట చెప్పజాలదు. అడుగుతో చెప్పును. ఆ యడుగును తొందరపడక చదువుట నేర్చినవాని కొట్టములో వాతలమచ్చలుండవు. మా యెద్దు చెప్పినదానిని మేము నెల ఆలస్యముగా చదివితిమి. మా సభ్యులు ఆ దినముననే చదువుదురుగాక.